కొండ కింది చదువులు

తిరుపతి బస్టాండు నుంచి అలిపిరికి పోయే దారిలో పొద్దున్నే రెండు రకాల జనం కలుస్తారు. ఒకరు మొక్కు తీర్చుకోను వచ్చినవాళ్లు. పాదాల మండపంలో స్వామి పాదరక్షలు నెత్తిన పెట్టుకుని ప్రదక్షిణ చేసి, ఆనక 3,550 మెట్లు ఎక్కాల్సినవాళ్లు. ఇంకొకరు మెడలో కాలేజీ కార్డు, వీపున సంచి వేసుకుని బస్సుల్లోంచి దూకే పిల్లలు. మెడికల్ కాలేజీ, రుయా ఆసుపత్రి, స్విమ్స్ అన్నీ ఈ దారి మీదే ఉన్నాయి. కాస్త పక్కకు మళ్లితే శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం, పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయం, పశువైద్య, వేద విశ్వవిద్యాలయాలు. ఊరు దాటి ఏర్పేడు వైపు వెళ్తే ఐఐటీ, ఐసర్. ఇంత ఊరికి ఇన్ని విశ్వవిద్యాలయాలున్న చోటు దేశంలో మరొకటి చూపించడం కష్టం.

మెట్లెక్కినవాళ్లను ఏం సాధించావని ఎవరూ అడగరు. చదివినవాళ్లను మాత్రం లోకం అడుగుతుంది. ఇన్ని చదువుల కోటలు ఇక్కడికి ఎలా వచ్చాయి, వాటి పునాదిలో ఉండాల్సిన ఊరిబడి ఏమైంది అన్నది ఈ ప్రాంతపు రెండు వందల ఏళ్ల కథ. అందులో కొంత భాగం ఇంగ్లాండులోనూ జరిగింది.

1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో తన రాష్ట్రంలో బడులెన్నో, పిల్లలెందరో లెక్క తీయమని కలెక్టర్లందరికీ ఉత్తరువులు పంపాడు. తిరుమల యాత్రికులకు ఈ పేరు కొత్తది కాదు. స్వామివారి వంటశాలలో మన్రో గంగాళం కథ ఇప్పటికీ చెప్పుకుంటారు. గవర్నరు కాకముందు ఏడేళ్లపాటు దత్తమండలాల కలెక్టరుగా పనిచేసి, గుర్రం మీద రాయలసీమ అంతా తిరిగి పొలాలు కొలిపించినవాడాయన. ఇప్పుడు పొలాల బదులు బడులు కొలిపించాడు. చిత్తూరు అప్పటికి ఉత్తర ఆర్కాటు జిల్లాకు కేంద్రం. ఆ జిల్లాలో వేదం, శాస్త్రాలు చెప్పే ఉన్నత పాఠశాలలే 69 ఉన్నట్టు లెక్క తేలింది.

లెక్కలన్నీ చేరడానికి మూడేళ్లకు పైగా పట్టింది. 1826 మార్చి 10న మన్రో రాసిన అధికారిక నోట్‌లో అంకెలు ఇవి: జనాభా 1,28,50,941, బడులు 12,498, చదివే పిల్లలు 1,88,650 మంది. ఇళ్లలో చదువుకునేవాళ్లను వేరుగా లెక్కేసుకోవాలన్నాడు. ఆ తర్వాత ఆయన చేసిన పని ఈ కాలపు ఆర్థికవేత్తలు రోజూ చేసేదే. ఈ దేశాన్ని మిగతా దేశాల పక్కన నిలబెట్టి చూశాడు. ఇక్కడి చదువు ఇంగ్లాండు కంటే తక్కువే గాని, కొద్దికాలం కిందటి వరకు ఐరోపాలోని చాలా దేశాలకున్న దానికంటే ఎక్కువేనని తేల్చాడు. తెలుగు, తమిళ పల్లెల వీధిబడులు ప్రపంచ పట్టికలో ఒక స్థానం సంపాదించుకోవడం బహుశా అదే మొదటిసారి.

మన్రో అక్కడితో ఆగలేదు. పంతులు సంపాదన ఎంత అని చూశాడు. పిల్లవాడికి నెలకు నాలుగణాల నుంచి ఎనిమిది అణాల దాకా ఇస్తే, పంతులుకు ఆరేడు రూపాయలకు మించి గిట్టదు. ఆ డబ్బుకు చదువున్న మనిషి ఆ పనికి రాడు. అందుకని ప్రతి జిల్లాకు రెండు పెద్ద బడులు, ప్రతి తహసీలుకు ఒక బడి, జిల్లా బడి పంతులుకు నెలకు 15 రూపాయలు, తహసీలు బడి పంతులుకు 9 రూపాయలు సర్కారు జీతం, వాళ్లను తయారుచేయడానికి మద్రాసులో ఒక శిక్షణ బడి ప్రతిపాదించాడు. మొత్తం ఖర్చు ఏడాదికి 48,000 రూపాయలు. మరుసటి ఏడు జూలైలో కర్నూలు దగ్గర పత్తికొండలో కలరాతో పోయాడు. పథకం కొన్నాళ్లు కుంటుతూ నడిచి 1836లో మూతపడింది. అప్పటికి ముందటేడే మెకాలే మాట చెల్లుబాటైపోయింది. సర్కారు డబ్బు కొద్దిమందికి ఇంగ్లీషు పై చదువులకు మళ్లింది. కింది మెట్టు వదిలేసి పై మెట్టు కట్టే అలవాటు మనకు అక్కడ మొదలైంది.

ఆ లెక్కల్లో అన్నింటికంటే చదవదగ్గ నివేదిక బళ్లారి కలెక్టరు క్యాంప్‌బెల్‌ది. తెలుగు వ్యాకరణం రాసిన క్యాంప్‌బెల్ ఈయనే. నేటి అనంతపురం ప్రాంతం చాలావరకు అప్పుడు ఆయన జిల్లాలోనిదే. 533 బడులు, 6,641 మంది పిల్లలు ఉన్నారని రాసి, దాదాపు పదిలక్షల జనంలో ఏడువేల మంది కూడా బడిలో లేరని వాపోయాడు. పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దడం, ముందు నేర్చినవాడు వెనకవాడికి చెప్పడం, పంతులు అందరినీ చూసుకుంటూ తిరగడం ఇవన్నీ వర్ణించాడు. పెద్దపిల్లలు చిన్నపిల్లలకు చెప్పే ఈ పద్ధతి మెచ్చదగ్గదనీ, ఇంగ్లాండు దీన్ని అనుకరించడంలో తప్పులేదనీ రాశాడు. మరి లోపం ఎక్కడుంది? పిల్లలు బట్టీ పట్టే పద్యాల అర్థం వాళ్లకు తెలియదు, సరైన పుస్తకాలు లేవు, సమర్థులైన పంతుళ్లు లేరు. 1823లో రాసిన ఈ మాటలకు తేదీ మారిస్తే నిన్నటి సర్వే నివేదిక అనుకుంటాం.

ఇంగ్లాండు అనుకరించిందన్న మాటకు వెనక ఒక కథ ఉంది. మద్రాసు ఎగ్మూరులోని సైనికుల అనాథ పిల్లల బడికి 1789లో ఆండ్రూ బెల్ అనే స్కాట్లాండు మతాచార్యుడు అధికారి అయ్యాడు. పంతుళ్లు చాలరు, ఉన్నవాళ్లు మాట వినరు. ఒక వీధిబడి వసారాలో పిల్లలు ఇసుకలో రాసుకుంటూ ఉండటం చూసి, ఆ పద్ధతి తన బడిలో పెట్టాడు. ఒక పెద్దపిల్లవాడిని చిన్నవాళ్లకు పంతులును చేశాడు. స్వదేశం వెళ్లి 1797లో దాని మీద పుస్తకం అచ్చువేశాడు. ఫ్యాక్టరీలు పుట్టుకొస్తున్న రోజులవి; తక్కువ ఖర్చుతో వేలమందికి అక్షరం చెప్పాల్సిన అవసరం బ్రిటన్‌కు అప్పుడే వచ్చింది. ‘మద్రాసు పద్ధతి’ పేరుతో అది అక్కడి బడులంతటా పాకింది. బెల్ ఇచ్చిన డబ్బుతో స్కాట్లాండు సెయింట్ ఆండ్రూస్‌లో పెట్టిన బడి పేరు నేటికీ మద్రాస్ కాలేజే. పద్ధతి పుట్టిన చోట మాత్రం వీధిబడులు ఒక్కొక్కటే చితికిపోయాయి. బెల్ కనిపెట్టాడా, చూసి నేర్చుకున్నాడా అని పండితులు ఇంకా తగువులాడుకుంటారు. క్యాంప్‌బెల్‌కు మాత్రం ఆ సందేహం రాలేదు.

తిరుపతికి వద్దాం. 1843లో కంపెనీ సర్కారు గుడి పెత్తనం వదులుకుని హథీరాంజీ మఠం మహంతులకు అప్పగించింది. మహంతుల కాలంలోనే, 1884లో, సంస్కృత పాఠశాల వెలిసింది. నేటి ఎస్వీ ప్రాచ్య కళాశాలకు మూలం అదే. అదే ఊళ్లో జర్మనీ హెర్మన్స్‌బర్గ్ నుంచి వచ్చిన లూథరన్ మిషనరీలు ఒక బడి నడిపారు. 1896 నుంచి 1900 దాకా అక్కడ చదివిన తిరుత్తణి పిల్లవాడు తర్వాత ఆక్స్‌ఫర్డ్‌లో ఆచార్యుడై, స్వతంత్ర భారతంలో తొలి విశ్వవిద్యాలయ విద్యా కమిషన్‌కు అధ్యక్షుడై, రాష్ట్రపతి అయ్యాడు. సర్వేపల్లి రాధాకృష్ణన్‌కు వేంకటేశ్వరుడి కొండ నీడలో పాఠం చెప్పింది జర్మన్ క్రైస్తవుల బడి అన్న సంగతి తిరుపతిలో చాలామందికి గుర్తులేదు.

ఈ ప్రాంతం ఇచ్చిన మరో విద్యావేత్త కట్టమంచి రామలింగారెడ్డి. చిత్తూరు పక్కనే కట్టమంచిలో 1880లో పుట్టి, కేంబ్రిడ్జిలో చదివి, బరోడా, మైసూరు సంస్థానాల్లో పనిచేశాడు. ‘కవిత్వతత్త్వ విచారము’ రాసిన విమర్శకుడిగానే లోకానికి ఎక్కువ తెలుసు. దేశాలకు సంపద ఎలా వస్తుందో తెలుగువాళ్లకు తెలుగులోనే చెప్పాలని ‘అర్థశాస్త్రము’ రాసింది కూడా ఈయనే. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం పుట్టినప్పుడు తొలి వైస్‌ఛాన్సలర్ అయ్యాడు. చిత్తూరు మనిషి విశాఖ సముద్రం ఒడ్డున విశ్వవిద్యాలయం కట్టాడు; ఆయన సొంత సీమ కాలేజీలు మాత్రం కేంద్రం ఎక్కడ ఉండాలన్న తగాదాలో మద్రాసు విశ్వవిద్యాలయం కిందే ఉండిపోయాయి.

ఆ కడుపుమంట ఊరికే చల్లారలేదు. 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు ఇల్లు శ్రీబాగ్‌లో కోస్తా, రాయలసీమ పెద్దలు కూర్చుని రాసుకున్న ఒప్పందంలో నీళ్లు, రాజధానితో పాటు విశ్వవిద్యాలయం సంగతి కూడా ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి అనంతపురంలో రెండో కేంద్రం పెడతామన్నారు. ఆంధ్ర రాష్ట్రం వచ్చాక 1954 సెప్టెంబరు 2న విశ్వవిద్యాలయం నిజంగానే వచ్చింది. వచ్చింది అనంతపురానికి కాదు, తిరుపతికి. కారణం వెతకనక్కర్లేదు. ఇక్కడ దేవస్థానం ఉంది, దాని దగ్గర భూమి ఉంది, డబ్బు ఉంది. తొలి వైస్‌ఛాన్సలర్ ఎస్. గోవిందరాజులు నాయుడు. అనంతపురం తన విశ్వవిద్యాలయం కోసం 1981 దాకా ఆగాల్సి వచ్చింది.

దేవస్థానం డబ్బు చదువుల మీదికి మళ్లడం అంతకు ముందే మొదలైంది. 1933లో టీటీడీ ఏర్పడింది. 1944లో ఘాట్ రోడ్డు పడింది. ఆ మరుసటేడు ఎస్వీ కాలేజీ, 1952లో ఆడపిల్లలకు పద్మావతి కాలేజీ వచ్చాయి. పరిశోధన కూడా నడిచింది. తాళపాక అన్నమాచార్యుల రాగిరేకులను వేటూరి ప్రభాకరశాస్త్రి, సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ చదివి అచ్చుకు తెచ్చింది ఈ దేవస్థానం కొలువులోనే. వడ్డికాసులవాడి సొమ్ము ఢిల్లీ దాకా పోయింది. చెలికాని అన్నారావు, దుర్గాబాయి దేశ్‌ముఖ్ వంటివాళ్ల పూనికతో 1961లో టీటీడీ ఢిల్లీలో పెట్టిన శ్రీవేంకటేశ్వర కాలేజీని అక్కడి పిల్లలు ‘వెంకీ’ అంటారు. దేశంలో మంచి డిగ్రీ కాలేజీలేవని అడిగితే ఆ పేరు తప్పక వినబడుతుంది. తిరుపతిలో దానికి అన్నలాంటి ఎస్వీ కాలేజీకి ఆ పేరు రాలేదు. డబ్బు ఒక్కటే అయినా చుట్టూ ఉన్న ఊరు, వచ్చే పిల్లల బడి చదువు వేరు. ఈ తేడా మీద ఎవరైనా ఓపికగా ఒక పుస్తకం రాయాలి.

1954 అనగానే మరో దేశం గుర్తుకు రావాలి. యుద్ధంలో బూడిదైన దక్షిణ కొరియా ఆ ఏడాదే నిర్బంధ ప్రాథమిక విద్య పూర్తిచేయడానికి ఆరేళ్ల ప్రణాళిక మొదలుపెట్టింది. 1959 కల్లా దాదాపు పిల్లలందరూ బడిలో ఉన్నారు. హైస్కూళ్లు, విశ్వవిద్యాలయాలు ఆ తర్వాత నిండాయి. 1951 జనాభా లెక్కల్లో మన దేశంలో అక్షరాస్యులు నూటికి 18 మంది. మనం విశ్వవిద్యాలయానికి శంకుస్థాపన చేశాం, కొరియావాళ్లు ఒకటో తరగతి గది కట్టారు. రెండూ అవసరమే, నిజమే. వరస మాత్రం తేడా వచ్చింది. ఆ వరస ఫలితం చూడాలంటే దూరం పోనక్కర్లేదు. తిరుపతి జిల్లాలోనే ఉన్న శ్రీసిటీలో 2016 నుంచి జపాన్ ఇసుజు బండ్లు తయారవుతున్నాయి. 2025 మేలో కొరియా ఎల్‌జీ తన కొత్త ఫ్యాక్టరీకి అక్కడే పునాది వేసింది. యంత్రం, దాని నక్షా, పేరు వాళ్లవి. చేతులు మనవి. నక్షా గీసే చోటికి మన పిల్లలు ఎంతమంది చేరతారన్నదే దేశాల మధ్య పోటీ అంటే.

ఎస్వీయూ నుంచి మంచి పని రాలేదని కాదు. 1959లో వచ్చిన ఇంజినీరింగ్ కాలేజీ సీమ పల్లెల నుంచి మొదటి తరం ఇంజినీర్లను తయారుచేసింది. దగ్గరలోని గాదంకిలో పైవాతావరణాన్ని చూసే పెద్ద రాడార్ వచ్చాక ఇక్కడి భౌతికశాస్త్ర విభాగానికి చేతినిండా పని దొరికింది. ఇక్కడే అర్థశాస్త్రంలో ఎం.ఏ. చదివిన నారా చంద్రబాబునాయుడు ముఖ్యమంత్రి అయ్యాక హైదరాబాదుకు ట్రిపుల్ ఐటీ, ఐఎస్‌బీ వచ్చాయి. ప్రపంచంతో పోటీ అన్న మాట తెలుగు రాజకీయాల్లోకి తెచ్చింది ఆయనే. 1983లో ఎన్టీ రామారావు మహిళా విశ్వవిద్యాలయం పెట్టాడు. 1986లో పునాది పడిన స్విమ్స్ 1993లో రోగులను చూడటం మొదలుపెట్టింది. ఆపైన ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీల కాలం. రంగంపేట, కరకంబాడి, పుత్తూరు దారుల్లో పొలాలు పోయి ప్రాంగణాలు లేచాయి. సీట్లు పెరిగాయి, ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో పేదపిల్లలకూ అందాయి. అది చిన్న విషయం కాదు. కానీ సీటు దొరికాక లోపల ఏం నేర్పారని అడిగేవాళ్లు తక్కువ.

రాష్ట్రం విడిపోయినప్పుడు 2014 చట్టం ఇచ్చిన హామీల్లో ఐఐటీ, ఐసర్ ఉన్నాయి. రెండూ తిరుపతికే వచ్చాయి, రెండూ 2015లో అద్దె గదుల్లో మొదలయ్యాయి. ఐఐటీ చదలవాడ వెంకటసుబ్బయ్య కాలేజీ ప్రాంగణంలో, ఐసర్ కరకంబాడి రోడ్డు మీది శ్రీరామ ఇంజినీరింగ్ కాలేజీలో. ఒకే ప్రాంగణంలో దేశంలోనే కఠినమైన పరీక్ష దాటి వచ్చినవాళ్లు ఒక పక్క, ఎంసెట్‌లో ఏదో ర్యాంకు తెచ్చుకుని చేరినవాళ్లు ఒక పక్క. గోడలు ఒకటే, పంతుళ్లు వేరు. ఐఐటీకి మద్రాసు ఐఐటీ, ఐసర్‌కు పుణె ఐసర్ పెద్దన్నల్లా నిలబడి మనుషులను పంపాయి. ఇవి శ్రీబాగ్ నాటి లెక్కలాంటివే: విడిపోయినందుకు ఇచ్చిన పరిహారం. పరిహారంగా వచ్చినవి పాడైపోవాలని లేదు. కానీ ఇక్కడి జిల్లా పరిషత్ హైస్కూలు పిల్లవాడు ఆ గేటు లోపలికి పోవాలంటే ముందు ఎనిమిదో తరగతిలో భాగాహారం రావాలి.

బడి పిల్లల చదువును దేశాల వారీగా కొలిచే పిసా పరీక్షలో భారత్ పాల్గొన్నది 2009 విడతలో ఒక్కసారే, అదీ రెండు రాష్ట్రాల నుంచే. హిమాచల్‌ప్రదేశ్, నగరి దాటగానే వచ్చే తమిళనాడు. 74 ప్రాంతాల పట్టికలో కిర్గిజ్‌స్థాన్ ఒక్కటే వాటి కింద ఉంది. ప్రశ్నలు మన పిల్లలకు తగ్గట్టు లేవని ఢిల్లీ తప్పుకుంది. కొద్దికాలం కిందటి ఐరోపాలోని చాలా దేశాల కంటే మెరుగని మన్రో చెప్పిన చోట, ఇప్పుడు పట్టికే చూడకూడదనుకున్నాం.

ఈ ప్రాంతం నుంచి లోకానికి రెండోసారి వెళ్లిన సంగతి కూడా ఒక ఊరిబడిదే. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ అంటే జిడ్డు కృష్ణమూర్తి పెట్టిన, డబ్బున్న పిల్లలు చదివే బోర్డింగ్ స్కూలని అందరూ అనుకుంటారు. 1980ల చివర్లో ఆ లోయ చుట్టూ పల్లెల్లో దాని గ్రామీణ విద్యాకేంద్రం చిన్నచిన్న బడులు తెరిచింది. ఒకే గది, ఒకే పంతులు, ఒకటి నుంచి అయిదు దాకా పిల్లలు. పద్మనాభరావు, రమ దంపతుల ఆధ్వర్యంలో పాఠ్యపుస్తకాన్ని ముక్కలు చేసి కార్డులుగా మార్చారు. ప్రతి కార్డు మీద ఒక బొమ్మ గుర్తు. గోడ మీద నిచ్చెన పటం. ఏ పిల్ల ఏ మెట్టు మీద ఉందో ఆ పిల్లకే తెలుస్తుంది. జ్వరమొచ్చి వారం మానేసినా తిరిగి ఆ మెట్టు నుంచే మొదలు. కొన్ని కార్డులు పంతులుతో, కొన్ని ఒంటరిగా, కొన్ని తోటిపిల్లల సాయంతో. ముందు నేర్చినవాడు వెనకవాడికి చెబుతాడు. బళ్లారి కలెక్టరు మెచ్చిన పద్ధతి నూట అరవై ఏళ్ల తర్వాత పక్క జిల్లాలో మళ్లీ మొలిచింది. ఈసారి అర్థం తెలియని పద్యాల బదులు, తెలుగు పల్లె మాటలతో రాసిన పాఠాలు ఉన్నాయి.

అక్కడికి వచ్చి చూసిన కర్ణాటక టీచర్లు 1995లో హెచ్.డి. కోటె తాలూకాలో ‘నలి కలి’ మొదలుపెట్టారు. తర్వాత రాష్ట్రమంతా పాకింది. చెన్నై కార్పొరేషన్ బడులు 2003లో అందుకున్నాయి, తమిళనాడు అంతా వెనకే నడిచింది. జర్మనీలో రేగెన్స్‌బర్గ్ విశ్వవిద్యాలయం దీని మీద పరిశోధన చేసింది. ఈ వరసలో ఆంధ్రప్రదేశ్ పేరు మాత్రం ముందు వినబడదు. ఇంట్లో దీపం పొరుగింటికి వెలుగిచ్చినట్టయింది.

2022 జూన్‌లో జీవో 117తో ఆంధ్రప్రదేశ్ మూడు, నాలుగు, అయిదు తరగతులను పల్లె బడుల నుంచి హైస్కూళ్లకు కలపడం మొదలుపెట్టింది. ఒక టీచరు అయిదు తరగతులు చెప్పలేడన్నది వాదన. తల్లిదండ్రులు చిన్నపిల్లలను మెయిన్ రోడ్డు దాటించలేమన్నారు. 2025లో ఆ జీవో రద్దయింది. తరగతికో టీచరుతో మోడల్ ప్రైమరీ బడులు, కొన్ని చోట్ల చిన్న బడులు అలాగే ఉంచడం కొత్త పద్ధతి. అదే ఏడు మెగా డీఎస్సీలో 16,347 టీచరు పోస్టులకు ప్రకటన ఇచ్చి 15,941 నింపారు. ఉమ్మడి చిత్తూరు జిల్లా టీచర్లను తయారుచేసే డైట్ కార్వేటినగరంలో ఉంది. అక్కడి నుంచి రిషివ్యాలీ ఒక పూట ప్రయాణం. ఒకే గదిలో అయిదు తరగతులు చెప్పే పద్ధతి ఆ కొత్తవాళ్లలో ఎంతమందికి నేర్పుతారన్నది కార్వేటినగరంలో తేలాల్సిన విషయం.